ర్యాంకు కార్డు నాలోంచే దిగుతుంది

నేను ప్రింటర్‌ని. కోరుట్ల బస్టాండుకు దగ్గర్లో ఒక ఇంటర్నెట్ సెంటర్లో గోడవార టేబుల్ మీద ఉంటాను. స్కానింగు, జిరాక్సు, ప్రింటు మూడూ నా పనే. ఏడాదిలో ఎక్కువ కాలం నాలోంచి దిగేవి ఆధార్ కార్డులు, భూముల కాగితాలు, దుబాయికి, మస్కట్‌కు పోయేవాళ్ల వీసా కాపీలు. మామూలుగా జూన్‌లో నీట్ ఫలితాలొస్తాయి. అక్కడినుంచి నా ట్రేలో పేపరు పెట్టినకొద్దీ అయిపోతూనే ఉంటుంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పిల్లలు వస్తారు. సిరిసిల్లలో పుట్టి ఇక్కడ అమ్మమ్మ ఇంట్లో ఉండేవాళ్లూ వస్తారు.

నేను ఈ సెంటర్‌కొచ్చింది 2016లో. ఆ ఏడు డాక్టర్ చదువు కోరుకున్న పిల్లలు పడ్డ యాతనకు నేను సాక్షిని. జూలైలో ఎంసెట్-2 రాశారు. పేపరు ముందే బయటికి పోయిందని తేలింది. పరీక్ష రద్దయింది. సెప్టెంబర్‌లో మళ్లీ ఎంసెట్-3 అన్నారు. నిజాయితీగా చదివి మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు మళ్లీ హాల్‌టికెట్టు కోసం నా ముందు నిలబడ్డారు. తప్పు చేసినవాళ్లు ఎక్కడో ఉన్నారు, శిక్ష మాత్రం ఈ పిల్లలకు పడింది. ఆ ముఖాలు నేను మరిచిపోలేదు. మరుసటేడు, 2017 నుంచి, రాష్ట్రంలోని ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లన్నిటికీ నీటే దారి అయింది. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు ఇరవై ఐదు శాతం వెయిటేజీ ఉండేది, నీట్‌లో అదీ లేదు. నూట ఎనభై ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత.

ఆ 2016లోనే అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలయ్యాయి. అప్పటికి పాత కరీంనగర్ జిల్లా మొత్తంలో సర్కారు మెడికల్ కాలేజీ ఒక్కటీ లేదు. కరీంనగర్‌లో చల్మెడ, ప్రతిమ అని రెండు ప్రైవేటువి ఉండేవి. సర్కారు సీటంటే ఉస్మానియా, గాంధీ, కాకతీయ, నిజామాబాద్, ఆదిలాబాద్ లాంటివే. 2022 నవంబర్ 15న జగిత్యాలలో, రామగుండంలో కాలేజీలు మొదలయ్యాయి, జగిత్యాలకు 150 సీట్లు. 2023 సెప్టెంబర్ 15న కరీంనగర్, సిరిసిల్ల వంతు వచ్చింది, సిరిసిల్లకు వంద. ఏమీ లేని చోట ఏడాది లోపల నాలుగు. జగిత్యాల పేరున్న మొదటి అలాట్‌మెంట్ లెటర్ నాలోంచి దిగిన రోజు, దాన్ని తీసుకున్న తండ్రి కాలేజీ పేరు పైకి చదివి, నమ్మకం కుదరక మళ్లీ చదివాడు.

మా సెంటర్ నడిపే మనిషిని ఊరంతా అన్నా అంటుంది, నేనూ అన్న అనే అంటాను. ఆయన్ని అందరూ అడిగేది ఒకే మాట.

"అన్నా, గిన్ని మార్కులకు సీటొస్తదా?"

"మార్కులు చెప్పకు, ర్యాంకు చెప్పు" అంటాడు అన్న. అది విసుగనుకుంటారు కొత్తవాళ్లు. కాదు. 2024 ర్యాంకు కార్డులు, 2025 ర్యాంకు కార్డులు రెండూ ప్రింటు తీసినదాన్ని నేను, నాకు తెలుసు. 2024లో 600 మార్కులు తెచ్చుకున్న పిల్లకు అఖిల భారత ర్యాంకు 80 వేల దరిదాపుల్లో పడింది. 2025లో ఫిజిక్సు పేపరు పిల్లల్ని ఏడిపించింది, దేశంలో మొదటి ర్యాంకుకే 686 మార్కులు. ఆ ఏడు అదే 600కు ర్యాంకు పదమూడు వందల చుట్టుపక్కల. మార్కులు అవే, బతుకులు వేరు. అందుకే నిరుటి మార్కుల పట్టీ ముందు పెట్టుకుని ఇంట్లో పిల్లను తిట్టడం అన్యాయం. చూడాల్సింది నిరుడు చివరి విడతలో ఏ కాలేజీలో, ఏ కేటగిరీలో, ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందన్న పట్టీ. అది వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీయే పెడుతుంది. మనోళ్లలో చాలామంది ఇంకో చోట కూడా తడబడతారు. నీట్ క్వాలిఫై అయితే సీటొచ్చినట్టే అనుకుంటారు. 2025లో జనరల్‌కు క్వాలిఫై మార్కు 144, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 113. దేశం మొత్తం మీద 12 లక్షల పైచిలుకు మంది అర్హులయ్యారు. ఎంబీబీఎస్ సీట్లు అందులో పదో వంతు చుట్టుపక్కలే.

ఆ ఏడు సిరిసిల్ల పిల్ల ఒకతె వచ్చింది. తండ్రి సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తాడు, తల్లి బీడీలు చేస్తుంది. పద్మశాలీలు, బీసీ-బి. నాలుగు వందల యాభై దాటాయి మార్కులు. నిరుటి లెక్క చూసి ఎవరో మళ్లీ లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పొమ్మన్నారట, పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. అన్న ర్యాంకు చూశాడు, పట్టీ తీసి బీసీ-బి వరుస మీద వేలు పెట్టి కిందికి నడిపించాడు.

"ఏడ్వకు బిడ్డా. నీకు ఆశ ఉన్నది."

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు తండ్రీ వచ్చాడు, రాత్రి షిఫ్టు దిగి నేరుగా. ఆయనకొక భయం. గాంధీ, ఉస్మానియా పైన రాస్తే దొరక్క, కింద రాసినవీ పోతాయేమోనని. ఈ భయం నేను ఎంతమందిలో చూశానో! అన్న ఓపిగ్గా చెప్పాడు. కంప్యూటరు మెరిట్ లిస్టులో మొదటి పిల్లతో మొదలుపెడుతుంది, ఆమె రాసినవి పైనుంచి కిందికి చూస్తుంది, ఏది ఖాళీ ఉంటే అది ఇచ్చేసి తర్వాతి ర్యాంకుకు పోతుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ మొదటి ఆప్షన్ లేకపోతే రెండోది చూస్తుంది, అది లేకపోతే మూడోది. పైన పెద్ద కాలేజీ రాసినందుకు నీ చాన్సు తగ్గదు. కానీ నీకు నిజంగా కావాల్సినదాన్ని కింద రాసి, వస్తుందనుకున్నదాన్ని పైన రాస్తే, పైదే వస్తుంది. ఇష్టాన్ని వరుసగా రాయి, లెక్క దాని పని. రెండో విడతలో ఇంకా మంచిది వస్తే మొదటి సీటు దానంతటదే ఇంకొకరికి పోతుంది, కాబట్టి వచ్చిందాంతో తృప్తి ఉంటే మళ్లీ ఆప్షన్లు పెట్టొద్దు.

ఆ పిల్లకు సిరిసిల్లే వచ్చింది. సర్కారు ఫీజు ఏడాదికి పది వేలు. "బాపూ, ఇంటికాడికెళ్లే పోయొస్త" అంది. కొత్త కాలేజీ, సార్లు తక్కువ, పేరు లేదు అని కొందరు పెదవి విరుస్తారు. నేను వాళ్ల మాట ఒప్పుకోను. జిల్లా ఆసుపత్రి ఓపీలో నిలబడే మనిషి ఎవరో, ఆయనకు దగ్గెందుకొస్తుందో, సాంచల గదిలో ఎంత దుమ్ముంటుందో ఆ పిల్లకు తెలుసు. అది ఏ పాత కాలేజీలోనూ నేర్పరు.

అందరి కథా అట్లా కాలేదు. జగిత్యాల పిల్లవాడొకడు. పుట్టింది ఇక్కడే, పదో తరగతి దాకా చదివింది ఇక్కడే. ఇంటర్‌కు విజయవాడ పంపారు, అక్కడైతే బాగా రుద్దుతారని. 2024 జూలైలో వచ్చిన జీవో 33 ప్రకారం నీట్‌కు ముందు నాలుగేళ్లు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా, తెలంగాణలో చదివితేనే లోకల్. పిల్లవాడి స్టడీ సర్టిఫికెట్లు నా అద్దం మీద ఒక్కొక్కటే పెట్టారు. రెండేళ్ల దగ్గర ఊరు మారింది. హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా పోయిన వివాదం అది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు రాష్ట్ర నిబంధననే నిలబెట్టింది. మన సీట్లు మన దగ్గర చదివినవాళ్లకు దక్కాలన్న వాదనలో న్యాయముంది. ఈ పిల్లవాడికి జరిగింది చూస్తే కడుపు తరుక్కుపోతుంది కూడా. తొమ్మిదో తరగతిలో పిల్లను చేర్చేటప్పుడే ఈ మాట తెలుసుకోవాలి. కోచింగ్ బ్రోచర్లు నేను చాలా ప్రింటు తీశాను, ఈ మాట ఒక్కదాంట్లోనూ కనపడలేదు.

ఫలితాలు రాగానే ఫోన్లు మోగుతాయి. "బీ కేటగిరీలో సీటు పెట్టిస్తం, అడ్వాన్సు కట్టుండ్రి." దుబాయిలో ఎండలో నిలబడి సంపాదించిన డబ్బు అట్లా పోతుంది. బీ కేటగిరీ సీట్లు కూడా నీట్ ర్యాంకు మీదే, యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు, దానికి వేరే దరఖాస్తు ఉంటుంది. ప్రైవేటులో సగం సీట్లు ఏ కేటగిరీ, ఏడాదికి అరవై వేలు. బీ కేటగిరీ ముప్పై ఐదు శాతం, ఏడాదికి పదకొండు లక్షల పైనే. మధ్యలో ఎవరూ సీటు పెట్టించలేరు. అన్న ఈ మాటను పెద్ద అక్షరాల్లో రాసి నాతో ప్రింటు తీయించి గోడకు అంటించాడు.

ఇక బీడీఎస్. మెట్‌పల్లి పిల్లవాడికి ఎంబీబీఎస్ అందలేదు, దంత వైద్యంలో వచ్చేట్టుంది. "పండ్ల డాక్టరు ఒక డాక్టరా?" అన్నాడు మేనమామ. నాకు మాట వస్తే అప్పుడే చెప్పేదాన్ని. ఈ వీధిలో తంబాకు నమిలి నమిలి నోరు తెరవలేని ముసలివాళ్లు ఆధార్ జిరాక్సుకు వస్తారు, పేరు చెప్పడానికే అవస్థ పడతారు. వాళ్ల నోట్లో పుండును మొదట చూసి, అది క్యాన్సర్‌గా మారకముందే పట్టుకోగలిగేది పండ్ల డాక్టరే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ల చదువు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో సర్కారు డెంటల్ కాలేజీ ఉంది. ప్రైవేటులోనూ ఏ కేటగిరీ ఉంది.

పిల్లవాడు మేనమామ వైపు చూడలేదు. అన్న పక్కన కూర్చుని, తన చేత్తోనే సర్కారు డెంటల్ కాలేజీ పేరు మొదటి ఆప్షన్‌గా పెట్టి, "ప్రింటు తియ్యన్నా, నాయినకు చూపెట్టాలె" అన్నాడు.