అయ్యా, ఆ లారీ ట్యూబు ఇప్పించండి

మహారాజశ్రీ చెరువు సుందరీకరణ అధికారి గారి దివ్యసముఖానికి,

మా ఊరి చెరువు ఎన్నేళ్లకో మరవ పారింది. గంగమ్మకు పూజ చేసుకున్నాం, పొట్టేలును కోశాం, తమరు విచ్చేసి పసుపు కుంకుమ చల్లి ఫొటో దిగారు. అంతవరకు శుభం. నిన్న ఆదివారం తమరి కాపలాదారు మాత్రం రాతిమెట్ల దగ్గర నడుము లోతు నీళ్లలో ఈత నేర్చుకుంటున్న పిల్లోళ్ల లారీ ట్యూబు లాక్కుని, వాళ్ల కళ్లెదుటే గాలి తీసేసి, గదిలో పడేసి తాళం వేశాడు. ఇద్దరి నడుముకున్న బెండ్లు కూడా విప్పించాడు. ఈత నిషేధమని బోర్డు చూపించాడంట. పక్కనే ఎనుములు హాయిగా ఈదుతున్నాయి. వాటికి చదువు రాదని వదిలేశాడు కాబోలు.

బోర్డు పెట్టే అధికారం తమకుంది, కాదనను. ట్యూబులో గాలి తీయడమేందయ్యా? మునక్కుండా వాళ్లను పట్టుకునుండేది అదే కదా! దాన్నే పీకేస్తారా? ఏం బుద్ధి ఇది?

చెరువులో తమరు దింపిన హంస పడవెక్కే బిడ్డలకు లైఫ్ జాకెట్లు తొడిగిస్తున్నారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి అంతమంది పోయాక పుట్టిన బుద్ధి, సంతోషం. టికెట్టు కొన్నోడి ప్రాణానికి జాకెట్టు, కొనలేనోడి ప్రాణానికి బోర్డు. గార్గేయపురం నగరవనం చూసొచ్చారో, ఓర్వకల్లు రాళ్ల మధ్య పడవలు చూసొచ్చారో, మాకూ ఒక హంస వచ్చింది. దాని మెడ అప్పుడే విరిగింది. దాంతోపాటు కట్టిన మరుగుదొడ్డికి తాళం ఇంతవరకు తీయలేదు.

ఇక చెరువు నడిమధ్య మట్టిదిబ్బ పోయించి ఫౌంటెన్ పెట్టించారు. మన జిల్లాల్లోనే పోరుమామిళ్ల ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని రాతి మీద చెక్కించాడు. ఆ దోషాల్లో ఒకటి, చెరువు నడుమ తాబేలు వీపులాగా మిట్ట ఉండటం. ఆరున్నర శతాబ్దాల కిందటే తప్పని రాసిపెట్టిన దాన్ని తమరు టెండరు పిలిచి మరీ కట్టించారు.

దిబ్బ సంగతి పోనీండి. నా గోడు పిల్లోళ్లది. 2025 మేలో బ్రహ్మంగారి మఠం మండలం మల్లేపల్లె చెరువులో ఐదుగురు బిడ్డలు పోయారు. ఆగస్టులో ఆస్పరి మండలం చిగిలిలో నీటికుంటలో దిగి ఆరుగురు, అందరూ ఐదో తరగతి. అందుకే కదా బోర్డు పెట్టింది అంటారు. అయ్యా, బోర్డు చూసి పిల్లోడు ఇంటికి పోడు. ఎవరి కంటా పడని చోటు వెతుక్కుంటాడు. రోడ్ల కోసం గ్రావెల్ తవ్వి వదిలేసిన గుంతలు ఊరి చుట్టూ నిండుగా ఉన్నాయి. రెండడుగులు వేస్తే కాళ్ల కింద నేలుండదు. అక్కడ బోర్డూ లేదు, కాపలాదారూ లేడు.

మా చిన్నప్పుడు ఈ మెట్ల పక్కనే చాకిరేవు ఉండేది. బట్టలుతికే అక్కలు, ఎనుముల్ని తోలుకొచ్చిన తాతలు, ఎవరో ఒకరి కన్ను మా మీద ఉండేది. లోతుకు పోతే బండబూతులు తిట్టి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చేవాళ్లు. ఆ రేవును పీకేసి తమరు సెల్ఫీ పాయింటు కట్టారు. సెల్ఫీ దిగేవాడు నీళ్లకు వీపు పెట్టి నిలబడతాడు.

ఎగతాళి చేసే ఓపిక కూడా లేదు నాకు. చేతులెత్తి అడుగుతున్నా. ఈ నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో ఆ గంగమ్మకే తెలియాలి. ఉన్నన్నాళ్లన్నా నేర్చుకోనీండి. మెట్ల దగ్గర నాలుగు గడలు పాతి, ఇంతవరకే అని తాడు కట్టించండి. చేపలు పట్టేవాళ్లలో ఈత బాగా వచ్చిన ఒకరికి సాయంత్రం పూట రెండు గంటల కూలి ఇచ్చి కూర్చోబెట్టండి. ఆడపిల్లలకు వేరే వేళ పెట్టండి, వాళ్లూ నేర్చుకుంటారు. ఎండాకాలం ఒంటిపూట బడులు మొదలయ్యేలోగా చేయండి సామీ. నిధుల్లేవంటారేమో, ఆ ఫౌంటెన్ కరెంటు బిల్లు ఆపండి.

ఇట్లు,
తమరి వాకింగ్ ట్రాకుకు నెల పాసు కట్టిన ఒక ముసలాయన