మిగిలిన మాత్రల డబ్బా

మాత్రలు ఎక్కువగా వాడితే ఒళ్ళు వాటికి అలవాటు పడిపోతుందని నేను చాలాకాలం గట్టిగా నమ్మాను. అందుకే అమ్మకు విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా మందుల షాపులో చీటీ లేకుండానే నార్‌ఫ్లాక్సాసిన్ ఉన్న మాత్రల షీటు తెచ్చి, రెండు పూటలు వేసి, కాస్త తెరిపిన పడగానే ఆపేసేవాణ్ణి. మిగిలినవి మళ్ళీ పనికొస్తాయని డబ్బాలో దాచేవాణ్ణి. షీటు మీద నిలువునా ఎర్ర గీత ఉండేది. డాక్టరు రాయనిదే వాడకూడదని దానర్థం. తెలిసీ పట్టించుకోలేదు. ఆస్పత్రుల చుట్టూ తిప్పకుండా అమ్మను బాగా చూసుకుంటున్నాననే అనుకున్నాను.

ఒకసారి అమ్మకు మూత్రంలో మంట, వెంటనే వణుకుతో జ్వరం. కల్చర్ రిపోర్టులో ఈ.కోలై అని వచ్చింది. నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఇంకా చాలా పేర్ల పక్కన ‘ఆర్’ అన్న అక్షరమే. ఆ మందుకు లొంగదని. “ఇంకా పవరున్న మాత్ర రాయండి” అన్నాను. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు: “అలవాటు పడింది మీ అమ్మగారి ఒళ్ళు కాదండీ. లోపలున్న బాక్టీరియా.”

ఈ.కోలై మన పేగుల్లోనే ఉంటుంది. అక్కడున్నంతకాలం చాలా రకాలు ఏ హానీ చేయవు. మూత్రనాళంలోకి చేరితే జబ్బు. నార్‌ఫ్లాక్సాసిన్ దాని డీఎన్ఏ మెలికలు విప్పే ఎంజైమును పట్టేసి చంపుతుంది. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు ఏ ఒక్క బాక్టీరియాలో కాస్త మారినా దానిమీద మందు పట్టు సడలుతుంది. నేను మాత్ర వేసిన ప్రతిసారీ లొంగేవి చచ్చి, లొంగనివాటికి చోటు దొరికింది. అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది. పైగా మందును తట్టుకునే కొన్ని జన్యువులను ఇవి పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా అందించగలవు. అంటే అమ్మ విషయం అమ్మతో ఆగదు. ఇంతా చేసి, ఆ విరేచనాల్లో చాలావాటికి ఓఆర్‌ఎస్ తాగిస్తే సరిపోయేది. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

నా రెండో మూర్ఖత్వం ఇంకా పెద్దది. ఇది పనిచేయకపోతే కొత్తది కనిపెడతారులే అనుకోవడం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థ నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే మందు వచ్చిందని, టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిదని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఎన్ని వేల మట్టి నమూనాలు జల్లెడ పడితే మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి అలాంటిది ఒకటి దొరుకుతుందో ఆలోచించలేదు.

ఆస్పత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుని టామ్ ప్యాటర్సన్ సంగతి చదివాను. శాన్ డియాగోలో ప్రొఫెసరు. 2015 చివర్లో ఈజిప్టు యాత్రలో జబ్బుపడ్డాడు. ఒంట్లో ఉన్న అసినెటోబాక్టర్ బౌమనీ అనే బాక్టీరియా మీద మందులు పనిచేయలేదు. ఆయన భార్య స్టెఫానీ స్ట్రాత్‌డీ అంటువ్యాధుల నిపుణురాలు. బాక్టీరియాను మాత్రమే చంపే వైరస్‌లైన ఫేజ్‌ల కోసం ఆవిడ ఎందరెందరినో అడిగింది. శాస్త్రవేత్త ఫెలిక్స్ డెరెల్ 1917లోనే వాటికి బాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాడు. జార్జియా దేశంలోని టిబిలిసిలో వాటితో వైద్యం నేటికీ చేస్తున్నారు. ప్యాటర్సన్ బాక్టీరియాకు సరిపడే ఫేజ్‌లను ఏరి, శుద్ధిచేసి, 2016 మార్చిలో రక్తంలోకి ఎక్కించారు. ఆయన కోలుకున్నాడు. కానీ మధ్యలో ఆ బాక్టీరియా మొదటి ఫేజ్‌లనూ తట్టుకోవడం నేర్చింది. కొత్తవి వెతికి కలపాల్సి వచ్చింది. ఫేజ్‌లకు తోడుగా ఇచ్చిన మందు మినోసైక్లిన్. అదీ టెట్రాసైక్లినే. ఆ పేరు చూసి కాసేపు ముందుకు చదవలేకపోయాను. ఒక రోగికోసం అంతమంది ఇంత కష్టపడితే, పనిచేస్తున్న మందును నేను విరేచనాలకు పారబోశాను.

అమ్మకు సెలైన్‌లో ఎక్కించే మెరోపెనెం పనిచేసింది. దానికీ లొంగకపోతే మిగిలే మందులు చాలా తక్కువని డాక్టరమ్మ చెప్పారు. అమ్మ లేచి తిరుగుతోంది. ఆ రకం ఈ.కోలై ఆమె పేగుల్లో ఇంకా ఉండొచ్చు. మళ్ళీ మంట మొదలైతే ఏ మాత్రా వేయకముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వమన్నారు.