వంటసోడా కరుణ

పుట్టలో పాలు పోసే దేశం నుంచి వెళ్లినవాళ్లం కాబట్టి, పాముకు ఎలుకను పెట్టేవాళ్లను చూసి ముక్కున వేలేసుకునే హక్కు మనకు లేదు. పాము పాలు తాగదు, ఎలుకను తింటుంది. ఆ మేరకు అమెరికాలో పాముల్ని పెంచే ఆసామి మన నాగుల చవితి కన్నా నాలుగాకులు ఎక్కువే చదివాడు. నా తగాదా అతని పాముతో కాదు. అది పుట్టు మాంసాహారి, దానికి వేరే దారి లేదు. తగాదా అల్లా అతని కరుణతో.

అతని వాదన ఇలా ఉంటుంది: "దుకాణంలో అమ్మే ఫ్రోజెన్ ఎలుకలు నేను కొననండీ. వాటిని ఎక్కడో షెడ్లలో వేలకు వేలు కుక్కి పెంచుతారు. నా పాముకు కావలసినవి నేనే పెంచుకుంటాను. మంచి తిండి పెడతాను, ఆడుకోవడానికి చక్రం పెడతాను, టైమొచ్చినప్పుడు నొప్పి తెలియకుండా సాగనంపుతాను." వినడానికి ఎంత బాగుంది! న్యూజెర్సీ బేస్‌మెంట్లలో, టెక్సాస్ గరాజుల్లో ఈ మాట అనేవాళ్లలో మన తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. పైన పూజగదిలో వినాయకుడి కాళ్ల దగ్గర ఎలుక, పొట్టకు పాము. రెండూ ఒకే దేవుడి కొలువులో తగువు లేకుండా ఉద్యోగం చేసుకుంటున్నాయి. కింద బేస్‌మెంట్లో మాత్రం ఆ ఇద్దరికీ మధ్యవర్తిగా మనవాడు.

ముందు లెక్క చూద్దాం. పెద్దదైన కార్న్ స్నేక్‌కు వారానికో, పది రోజులకో ఒక ఎలుక చాలు. ఏడాదికి 50 అనుకోండి. ఇక ఎలుక సంగతి. 19 నుంచి 21 రోజుల్లో ఈనుతుంది. ఈతకు 6 నుంచి 12 పిల్లలు. ఈనిన ఇరవై నాలుగు గంటల్లోనే తల్లి మళ్లీ చూలు కట్టగలదు, పక్కన మగ ఎలుక ఉంటే ఆలస్యం చేయదు కూడా. పిల్లలు ఆరు వారాలకు ఈడుకొస్తాయి. ఒక మగ, రెండు ఆడ పెట్టుకున్నా నెలకు ఓ 16 పిల్లలు ఎటూ పోవు. పాము తినేది నాలుగు. మిగిలిన పన్నెండూ ఏం కావాలి? ఎదిగిన మగవాటిని ఒకే పెట్టెలో ఉంచితే కొట్టుకుంటాయి. విడివిడిగా ఉంచితే పెట్టెలు పెరుగుతాయి, కంపు పెరుగుతుంది. గుంపు ఎక్కువై గోల ఎక్కువైతే తల్లే పిల్లల్ని తినేస్తుంది.

దీనికి అతను కనిపెట్టే పరిష్కారం రెండో పాము. కౌపీనాన్ని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లి పాలకని ఆవును, ఆవును మేపడానికని భార్యను తెచ్చుకున్న సన్యాసి కథ మనకు తెలిసిందే. ఇక్కడ అదే కథ తిరగబడి నడుస్తుంది. పాము కోసం ఎలుకలు, మిగిలిన ఎలుకల కోసం ఇంకో పాము, ఆ రెండూ జతకట్టి గుడ్లు పెడితే పిల్లపాముల కోసం వెంట్రుక మొలవని ఎలుక పిల్లలు, వాటి కోసం మరో నాలుగు తల్లి ఎలుకలు. ఆ సన్యాసి చివరికి సంసారి అయ్యాడు. మనవాడు సంసారంలోంచి బేస్‌మెంట్లోకి సన్యసించాడు.

సరే, ఇక ఆ "నొప్పి తెలియకుండా" అన్న ఘట్టం. దీని దగ్గర కాస్త నిలబడదాం, ఎందుకంటే అతని గొప్పంతా ఇక్కడే ఉంది.

ఒక ప్లాస్టిక్ డబ్బా. మూతకు కన్నం, కన్నంలో గొట్టం, గొట్టం రెండో కొసకు ఒక సీసా. సీసాలో వెనిగర్. అందులో పునుగుల పిండిలో వేసే వంటసోడా నాలుగు చెంచాలు. బుస్సుమని పొంగుతుంది, కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, డబ్బాలోని ఎలుక నిద్రలోకి జారుకుంటుంది. అతని లెక్కలో అది దయామరణం. ఖర్చు రెండు డాలర్లు.

అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ వాళ్లు జంతువుల దయామరణం మీద మార్గదర్శకాలు వేస్తారు. 2020 ముద్రణలో ఈ గ్యాసు గురించి వాళ్లు చెప్పింది వంటింటి సరుకు కాదు. గ్యాసు శుద్ధమైనదై ఉండాలి, సిలిండరు నుంచి రెగ్యులేటరు మీదుగా కొలతగా రావాలి, నిమిషానికి పెట్టె పరిమాణంలో 30 నుంచి 70 శాతం చొప్పున నిండాలి. ఈ కొలత ఊరికే పెట్టలేదు. గ్యాసు మరీ మెల్లగా వస్తే ఊపిరాడని యాతన సాగుతుంది. ఒక్కసారిగా ముంచెత్తితే స్పృహ పోకముందే ముక్కులోని తడితో కలిసి కార్బోనిక్ ఆమ్లమై మండుతుంది. గోలీసోడా గటగటా తాగి ముక్కులోంచి త్రేన్చినవాళ్లకు ఆ మంట రుచి తెలుసు. వెనిగర్ సీసా చేసేది ఏమిటి? మొదట ఉప్పెనలా పొంగి, తర్వాత నీరసపడుతుంది. అంటే మండించాల్సినంత మండించి, ఆపైన సాగదీస్తుంది. రెండు తప్పుల్నీ ఒకే వరసలో ఇంత శ్రద్ధగా చేసే యంత్రాన్ని కావాలని తయారు చేయమన్నా కష్టమే.

సిలిండరూ రెగ్యులేటరూ ఉన్నా ఈ గ్యాసు ఎలుకకు హాయి కాదన్న వాదన శాస్త్రవేత్తల్లోనే ఉంది. తప్పించుకునే దారి ఉంటే ఎలుక ఆ గ్యాసు నుంచి పారిపోతుందని ప్రయోగాల్లో చూశారు. మనవాడి డబ్బాకు దారి లేదు కనుక ఎలుక పారిపోలేదు. పారిపోలేదు కనుక దానికి బాధ లేదని అతని నిర్ధారణ.

ఇక పసికూనలు. పిల్లపాములకు కావలసింది ఒకటి రెండు రోజుల ఎలుక పిల్ల, ఎర్రగా, కళ్లు తెరవనిది. తల్లి కడుపులో తక్కువ ప్రాణవాయువుతో బతికి వచ్చింది కాబట్టి అది ఈ గ్యాసుకు తొందరగా లొంగదు. పుట్టిన రోజు పిల్ల చావడానికి 50 నిమిషాల దాకా పట్టవచ్చు. పది నిమిషాల్లో మూత తీసి, కదలడం లేదు కదా అని ఫ్రీజరులో పెట్టేవాడు, దేన్ని గడ్డకట్టిస్తున్నాడో ఆలోచించుకోవాలి. ఇంకొందరు ఈ తంటా అంతా ఎందుకని పిల్లల్ని నేరుగా ఫ్రీజరులో పెడతారు. చలికి హాయిగా నిద్రపోతాయట. ఇంటి ఫ్రీజరులో మెల్లమెల్లగా గడ్డకట్టించడాన్ని అదే మార్గదర్శకాలు ఒప్పుకోవు. చలి హాయి అన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించేవాళ్లు జనవరిలో చికాగోలో స్వెటరు లేకుండా ఓ గంట నిలబడి వచ్చాక మాట్లాడితే గౌరవంగా వింటాను.

ఇందులో ఒక చట్టపరమైన వింత కూడా ఉంది. 2002లో అమెరికా వ్యవసాయ చట్టంలో పెట్టిన సవరణ ప్రకారం, పరిశోధన కోసం పెంచిన ఎలుక జంతు సంక్షేమ చట్టం దృష్టిలో అసలు జంతువే కాదు. అయినా ప్రభుత్వ ఆరోగ్య నిధులతో నడిచే ప్రయోగశాలలో ఆ జంతువు కాని జంతువును చంపాలంటే ముందు ఒక కమిటీ ఒప్పుకోవాలి, చంపే పద్ధతి కాగితం మీద ఉండాలి, చచ్చిందని రెండోసారి రూఢి చేసుకోవాలి. మన బేస్‌మెంట్లో కమిటీ అంటే అతనూ, వెనిగర్ సీసా.

ఫ్రోజెన్ ఎలుకలమ్మే పెద్ద వ్యాపారులు పుణ్యాత్ములని నేను అనడం లేదు. వాళ్ల దుకాణంలో పింకీ, ఫజ్జీ, హాపర్, చివరికి ఈని ఈని అలిసిపోయిన "రిటైర్డ్ బ్రీడర్" అంటూ సైజుకో ధర పెడతారు. 2010లో జార్జియా రాష్ట్రంలోని ఒక సంస్థ సాల్మొనెల్లా కారణంగా సరుకు వెనక్కి తీసుకుంది. అట్లాంటిక్‌కు అటూ ఇటూ మనుషులు జబ్బుపడ్డారు. లిథువేనియా నుంచి వచ్చే ఎలుకల్ని బ్రిటన్ 2022లో ఆపేసింది. గడ్డకట్టినంత మాత్రాన ఆ క్రిమి చావదు. అందుకే మనుషులు తినే వంటల దగ్గర వీటిని పెట్టొద్దని, మైక్రోవేవ్‌లో కరిగించొద్దని అక్కడి ఆరోగ్యశాఖ మొత్తుకుంటుంది. ఇంట్లో పెంచిన ఎలుకలో సాల్మొనెల్లా ఉండదా? ఉంటుంది. పైగా ఫ్రీజరులో దాని పొరుగున అత్తగారు ఇండియా నుంచి తెచ్చిన కరివేపాకు, మునగకాడలు, గోంగూర. అత్తగారికి ఆ జిప్‌లాక్ కవరులో ఏముందో ఇంకా తెలియదు. కాబట్టి ఆ ఇంట్లో ప్రస్తుతానికి శాంతి.

ఇటు మన దేశం చూస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మన పాముల్ని ఇంట్లో పెంచనివ్వదు. అందుకే మన నగరాల సరదారాయుళ్లు పశ్చిమ ఆఫ్రికా బాల్ పైథాన్‌ను తెచ్చుకుంటారు. 2024 నిబంధనల పుణ్యమా అని ఆ పామును కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. దాని భోజనానికి నమోదు లేదు. వరిచేలో పైసా జీతం లేకుండా ఎలుకల్ని పట్టే జెర్రిపోతు కనిపిస్తే మాత్రం కర్ర తీసుకుని వెంటపడతాం. డెల్టా పొలాల్లో బొరియకు పొగపెట్టి ఎలుకలు పట్టే యానాది చేసేదీ చంపడమే. ఎలుకకు ఇంత అని కూలి మాట్లాడుకుంటాడు, పట్టినదాన్ని కూర వండుకుంటాడు. "మేం దయతో చంపుతున్నాం" అని అతను ఏ రైతుకూ ఉపన్యాసం ఇచ్చిన పాపాన పోలేదు.

నన్నడిగితే, పాము ఉంచుకోక తప్పదనుకునేవాడికి, సరైన పరికరాలతో చంపిన ఎలుకను కొనుక్కోవడమే ఉన్నవాటిలో తక్కువ చెడు. సొంతంగానే చేస్తానంటే సిలిండరు కొనాలి, పశువైద్యుడి దగ్గర నేర్చుకోవాలి. కానీ మచ్చల రంగు బాగుందని వేల డాలర్లు పోసి పామును కొన్నవాడికి సిలిండరు దగ్గరకొచ్చేసరికి పొదుపు గుర్తొస్తుంది.

పాము ఏమంటుందో కూడా చూడాలి కదా. మనవాడిది బాల్ పైథాన్ అనుకోండి. దానికి పెదవుల దగ్గర వేడిని పసిగట్టే గుంటలుంటాయి. చల్లటి శవం దానికి తిండిలా తోచదు. అందుకని ఫ్రీజరులోంచి తీసిన ఎలుకను వేడినీళ్లలో కరిగించి, హెయిర్ డ్రయర్‌తో ఒళ్లు వెచ్చబరచి, పొడవాటి పటకారుతో తోక పట్టుకుని బతికున్నట్టు ఆడిస్తాడు. బతికిన ఎలుకను వేయడం క్రూరత్వమని చంపాడు. ఇప్పుడు బతికున్నట్టు తోలుబొమ్మలాట. పైథాన్ ఒకసారి నాలుక ఆడించి తల తిప్పుకుంటుంది. ఆ జాతికి నెలల తరబడి ఉపవాసం ఉండటం మామూలే. అవతలి పెట్టెలో తల్లి ఎలుక మళ్లీ ఈనింది. మనవాడు ఆడించిన ఎలుకను చెత్తబుట్టలో పడేసి చేతులు సబ్బుతో కడుక్కుంటాడు. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదన్న నియమాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తాడు.