నలువది కిలోబైట్ల బ్రహ్మాండము

1889వ సంవత్సరమున జపాను దేశమందలి క్యోటో నగరములో, పూలబొమ్మల పేకముక్కలు చేసి విక్రయించుటకై యొక దుకాణము వెలసినది. దాని పేరు నింటెండో. పేకాట కొంపలు ముంచునని గట్టిగా నమ్మి, ముక్క ముట్టినవానిని గడప తొక్కనీయని మా తాతగారు, తెనాలిలో, వేసవి సెలవులలో, తమ కంటి యెదుటనే మనుమలందఱు టీవీ ముందు మూగి మీసాల మేస్త్రీ నొకనిని పుట్టగొడుగుల మీదుగా గెంతించుచుండగా, 'పోనీలే, పేక జోలికి పోవుట లేదు గదా' యని సంతృప్తితో కునుకు తీసెడివారు. ఆ మేస్త్రీ పుట్టినిల్లు సాక్షాత్తు పేకముక్కల కొట్టేయని ఆయన కెవ్వరును చెప్పలేదు. చెప్పియున్నచో మా బాల్యము వేఱొక తీరున గడచియుండెడిది.

మా యింట నున్న యంత్రము ఆ దుకాణమువారిది కాదు. దానిని జూచి యెవరో చేసిన నకలు. దాని నెత్తిన గల పొడవాటి సందులో పసుపుపచ్చని క్యాసెట్టు నొకదానిని గ్రుచ్చవలెను. క్యాసెట్టుపై 9999 ఆటలని అచ్చువేసియుండును గాని, పట్టికను ఓపికగా క్రిందికి దింపుకొనుచు పోయినచో, పట్టుమని పది పన్నెండు దాటకుండగనే మొదటి యాటయే పేరు మార్చుకొని మఱల ప్రత్యక్షమగును. పునర్జన్మ సిద్ధాంతమును మాకు తొలుత బోధించినది ఆ క్యాసెట్టే. తెరపై బొమ్మ రాక బూడిదరంగు గీతలు మాత్రమే వణకుచున్నపుడు, మాలో పెద్దవాడు దానిని బెఱికి, మూతిని నోటి కడ్డముగా బెట్టుకొని, వేణువు నూదినట్లు ఈ కొసనుండి ఆ కొసవఱకు నూది, మఱల గ్రుచ్చెడివాడు. బొమ్మ వచ్చెడిది. పనిచేసినది ఊపిరి కాదనియు, తీసి పెట్టుటలో లోపలి లోహపు పళ్ళు సరిగా నంటుకొనుటయే కారణమనియు, ఊపిరిలోని తేమ వలన నా పళ్ళకు కీడే తప్ప మేలు లేదనియు తెలిసినవారు చెప్పుదురు. చెప్పనిండు, మాకు బొమ్మ వచ్చినది.

నాటినుండి నేటివఱకు నేను తీరికవేళల నాడువాడనే గాని, ఆటకొఱకు తీరిక చేసికొన్నవాడను గాను. అందుచే నా యభిప్రాయములకు పాండిత్యబలము లేదు. అయినను ఒక్క సంగతి మాత్రము నాకు నానాటికి రూఢి యగుచున్నది: పాత యంత్రముల బీదతనమే పాత యాటల సొగసు. ఆ మేస్త్రీకి, అనగా మారియోకు, మీసమెందుకు వచ్చినది? 1981లో అతనిని సృజించిన షిగెరు మియమోతోకు తెరపై దక్కిన చుక్కలు బహు స్వల్పము. అన్ని చుక్కలలో ముక్కు క్రింద నోరు దీర్చుట సాధ్యము గాక మీసమును, జుట్టు దీర్చుట కష్టమై టోపిని తగిలించెను. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఆకసమందలి మేఘమును నేలమీది పొదయు నొకే బొమ్మ. తెలుపు పూసిన మేఘము, పచ్చన పూసిన పొద. 8 లోకములు, 32 మజిలీలు, రాకుమారి, రాక్షసుడు, సంగీతము, సర్వమును గలిసి 40 కిలోబైట్లలో నొదిగినవి. తెల్లవాఱుసరికి మా బంధువర్గము వాట్సాప్‌లో పంపు శుభోదయపు గులాబిపువ్వు అంతకంటె బరువుగా నుండును. అందు రాకుమారి కూడ నుండదు.

ఈ విషయమున 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ వృత్తాంతము నాకు మిక్కిలి యిష్టము. ఆకసమునుండి 55 మంది శత్రువులు వరుసలు దీర్చి, కాళ్ళీడ్చుకొనుచు దిగివచ్చుచుందురు. మనము కాల్చికాల్చి వారిని తగ్గించుకొలది మిగిలినవారు వేగము పుంజుకొందురు. కట్టకడపటివాడు కంటికానక పరుగెత్తును. బంధునాశమున గలిగిన శోకము క్రోధముగా మాఱి వానిని తఱుముచున్నదని చూచువారికి దోచును. నిజమేమనగా, అందఱిని కదలింపవలసిన యా కాలపు ప్రాసెసరుకు ఊపిరాడెడిది కాదు. చచ్చినవారి బరువు తగ్గినకొలది దానికి ప్రాణము లేచివచ్చెడిది. ఆటను నిర్మించిన తొమొహిరో నిషికాదొ దీనిని దిద్దబోక, శోభగానే యున్నదని యట్లే యుంచెను. దోషమే గుణమగు సందర్భములు కొన్ని మన యాలంకారికులు చెప్పియున్నారు. వానిలో దీనిని గూడ జేర్పవచ్చును. పాక్‌మాన్‌లో మజిలీల లెక్క 256వ దానికడ తప్పి, అంతదూరము చేరిన మహానుభావునికి బహుమానముగా తెర కుడిసగము అక్షరముల చెత్తగా మాఱును. ఇది వినికిడియే గాని నా దర్శనభాగ్యము మూడవ మజిలీతో సరి.

అదే నింటెండోలో గున్‌పే యొకోయ్ అను నొకాయన యుండెను. రైలులో నొక యుద్యోగి తోచక క్యాలిక్యులేటరు మీటలు నొక్కుచు గూర్చుండుట చూచి, జేబులో నిముడు ఆట యొకటి చేయవలెనని ఆయనకు దోచినదట. పాతబడి చౌకయైన సామగ్రితోనే క్రొత్త వినోదము కల్పింపవలెనని ఆయన పట్టుదల. 1989లో ఆయన బృందము చేసిన గేమ్‌బాయ్‌కి రంగులు లేవు, తెర వెనుక దీపము లేదు; కాని నాలుగు పెన్సిల్ సెల్లులతో పదిగంటలకు మించి యాడెడిది. రంగుల తెరతో వచ్చిన పోటీ యంత్రము ఆఱు సెల్లులను మ్రింగి నాలుగైదు గంటలకే కన్నుమూసెడిది. రెంటిలో నేది నిలిచినదో సెల్లులు కొనిపెట్టు తండ్రుల నడిగిన చెప్పుదురు.

ఇంక నేటి యంత్రములు. హైదరాబాదులో మా మేనల్లుడు తన ఫ్లాటున నొక తెల్లని యంత్రరాజమును ప్రతిష్ఠించినాడు. నేను వెళ్ళినప్పుడెల్ల కంట్రోలరును చేతిలో బెట్టును. దానికి నా వ్రేళ్ళకంటె మీటలు హెచ్చు. ఇవి చాలవన్నట్లు, దెబ్బ తగిలినపుడు చేతిలో గిలగిల కొట్టుకొను స్వభావ మొకటి. "మావయ్యా, ఎల్‌టూ పట్టుకొని ఆర్‌టూ నొక్కు" అనును. నేను నొక్కుసరికి కథానాయకుడు గుఱ్ఱము దిగి, ఆ గుఱ్ఱమునే గ్రుద్దును. అదియైనను ఆట తెఱచుకొన్నప్పటి మాట. సంక్రాంతికి కొన్న క్రొత్త యాటను పెట్టగా, "అప్‌డేట్ అవుతోంది మావయ్యా, ఓ గంట" అనెను. నూరు జీబీలకు పైబడిన యాట. అందు చెట్ల యాకులు సైతము గాలికి వేఱువేఱుగా నూగునట. భోజనములైనవి, కునుకైనది, కాఫీలైనవి. తెరపై నీలిగీత మాత్రము 99 వద్ద సమాధిలో నుండెను. "ఒకసారి తీసి ఊదిచూడరా అల్లుడూ" అంటిని. వాడు నవ్వెనే గాని వైద్యము చేయనీయలేదు.

ఫోనులోని యాటల కీ నిరీక్షణ లేదు. వాని నిరీక్షణ వేఱు. మిఠాయి బిళ్ళలను మూడేసిగా గూర్చు ఆట యొకటి గలదు. అందు మనకు ప్రాణములైదు. అయిదును బోయినచో అరగంట కొక్కటి చొప్పున మొలచువఱకు ముక్కు మూసికొని కూర్చుండవలెను, లేదా కొనవలెను. సావిత్రి యముని వెంట కాలినడకన బోయి, వాదించి మెప్పించి తెచ్చుకొన్న ప్రాణము ఇచ్చట యూపీఐలో దొరకును. డబ్బు పెట్ట మనసొప్పనివారు బంధువులను యాచింపవచ్చును. మా వదినగా రీ రెండవ మార్గమున కొన్నివేల మజిలీలు దాటినారు. మొన్న విజయవాడలో, పెండ్లిపందిట, నలుగురి నడుమ, నన్ను జూడగనే ఆమె, "ఏమయ్యా, లైఫ్ పంపమని రాత్రి అన్నిసార్లు అడిగితే పంపవేం? నా పరిస్థితి నీకు తెలియదా?" అని నిలదీసిరి. ప్రక్క కుర్చీలోని పెద్దమనిషి విస్తరినుండి తలయెత్తి, ఆమెవంక జాలిగా జూచి, నా చెవికడకు వంగి, "కిడ్నీనా బాబూ?" అని మెల్లగ నడిగెను. అవునంటిని, మిఠాయిబిళ్ళల సంగతి వివరింప బూనినచో వడ్డన మఱలిపోవును.