చదవని రెండో వాక్యం

ఆయనకి 34 ఏళ్లు. ఖమ్మం మిర్చి యార్డులో కాటా వేసే పని. పదిహేను రోజులుగా మెట్లెక్కితే ఆయాసం. ఒకరోజు బస్తాల మధ్యే కళ్లు తిరిగి పడిపోయాడు. మా దగ్గరికి తెచ్చేసరికి నాడి నిమిషానికి 36. పేసింగ్ వైరు వేసి నిలబెట్టాం. యాంజియోగ్రామ్‌లో అడ్డంకులేమీ లేవు, ఎకోలో మాత్రం గుండె పంపింగ్ 25 శాతమే. రక్తనాళాలు బాగుండి కండరం ఇంతగా దెబ్బతింటే మయోకార్డైటిస్, అంటే గుండె కండరం వాపు, అనుమానించాలి. మెడ సిర గుండా వెళ్లి కుడి జఠరిక నుంచి ఐదు ముక్కలు తీశాను. ఒక్కోటి ఆవగింజంత.

ఛాతీ సీటీలో రెండు లింఫు గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. మన దేశంలో అది చూడగానే ముందు టీబీ గుర్తొస్తుంది. గట్టిగా వెతికాను, ఆధారం దొరకలేదు. ఇక మిగిలింది, అవయవాల్లో వాపు గడ్డలు కట్టే సార్కాయిడోసిసేనని బయాప్సీ రిపోర్టు రాకముందే నిర్ణయించేసుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది.

గురువారం సాయంత్రం రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. మొదటి వాక్యంలో జెయింట్ సెల్స్, అంటే పెద్ద కణాలు, కనిపించాయని ఉంది. సార్కాయిడ్‌లోనూ ఉంటాయి కదా, అనుకున్నదే అయిందని ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ రాసేసి, తెల్లారి కాన్ఫరెన్సుకి వెళ్లిపోయాను. రెండో వాక్యం చదవలేదు. కింద పాథాలజిస్టు మేడమ్ ‘వెంటనే ఫోన్ చేయండి’ అని రాసిన మాటా చూడలేదు. ఆదివారం రాత్రి గుండె లయ తప్పింది. షాకిస్తే దారిలో పడుతుంది, గంటలో మళ్లీ తప్పుతుంది. సోమవారం పొద్దున్నే మేడమ్ గదికి పరుగెత్తాను.

ఆవిడ కోప్పడలేదు. రెండు తలల మైక్రోస్కోపు దగ్గర ఎదురుగా కూర్చోబెట్టి స్లైడు పెట్టారు. గులాబీ రంగు కండర పోగులు ఎక్కడికక్కడ తెగి, చచ్చిపోయి ఉన్నాయి. ఆ శిథిలాల నిండా లింఫోసైట్లు, వాటి మధ్య ఎర్రటి రేణువులతో ఇయోసినోఫిల్స్. ఒక్కో దాంట్లో పది పదిహేను కేంద్రకాలున్న పెద్ద కణాలు చెల్లాచెదురుగా పడున్నాయి. తర్వాత వేరే రోగిది, సార్కాయిడ్ స్లైడు పెట్టారు. పెద్ద కణాలు అక్కడా ఉన్నాయి. కానీ గుండ్రంగా ముద్దకట్టి, గ్రాన్యులోమాలుగా ఉన్నాయి. చుట్టూ గట్టిపడిన మచ్చ, ఇయోసినోఫిల్స్ అరుదు, పక్కన కండరం చాలావరకు క్షేమం.

“పెద్ద కణం రెండింట్లోనూ ఉంటుంది సార్. దాని పక్కనున్న కండరం బతికుందా లేదా చూడాలి,” అన్నారు. నేను చదవని రెండో వాక్యంలో ఉన్నది అదే. గ్రాన్యులోమాలు లేవు, కండరం విస్తారంగా చచ్చిపోయింది, జెయింట్ సెల్ మయోకార్డైటిస్.

సార్కాయిడ్ గుండెలో అక్కడక్కడా ఉంటుంది, బయాప్సీకి చిక్కకపోవడం మామూలే. అలాంటి చోట పొరబడితే అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ ముక్క అంతా విప్పి చెప్పింది, నేనే వినలేదు.

తేడా తెలియక చేసిన తప్పూ కాదు ఇది. 63 మంది రోగులతో 1997లో వచ్చిన అధ్యయనం నేను పరీక్షకి చదివి రాసిందే. జెయింట్ సెల్ జబ్బులో రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఏవీ ఇవ్వనివాళ్లకి సగటున 3 నెలలకే మరణమో గుండె మార్పిడో. సైక్లోస్పోరిన్, అజథయోప్రిన్ లాంటివి స్టిరాయిడ్‌కి కలిపినవాళ్లకి ఏడాది దాకా వ్యవధి దొరికింది. స్టిరాయిడ్ ఒక్కటే ఇస్తే పెద్ద ఫలితం లేదు. నేను ఇచ్చింది ఆ ఒక్కటే.

ఆ మధ్యాహ్నమే సైక్లోస్పోరిన్ మొదలుపెట్టాం. గుండె మార్పిడికి పేరు నమోదు చేయించాం. పదో రోజు ఆయన చనిపోయాడు.

కాగితాలు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆయన భార్య అడిగింది. “ముందే తెలిస్తే బతికేవాడా సారూ?” జబ్బు చాలా క్రూరమైనదమ్మా, బతికేవాడని కచ్చితంగా చెప్పలేనన్నాను. అది నిజమే. కానీ గురువారం సాయంత్రమే నా చేతికొచ్చిన రిపోర్టుని నేను సోమవారం దాకా పూర్తిగా చదవలేదని ఆవిడకి చెప్పలేదు. ఆ నాలుగు రోజులు పోగొట్టింది నేనే.