తప్పని లెక్క

మా మామయ్య గారు గుంటూరు దగ్గర ఒక పెద్ద రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పాఠం బాగా చెబుతారన్న పేరు కంటే ర్యాంకు ముందే చెబుతారన్న పేరే ఆయనకు ఎక్కువ. దసరా సెలవులకు పిల్లలు ఇళ్ళకు బయల్దేరే లోపు సీనియర్ ఇంటర్ వాళ్ళందరి పేర్లూ ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసి, ఒక్కో పేరుకెదురుగా ఎంసెట్‌లో ఎంత వస్తుందో అంకె వేసేవారట. మరుసటి వేసవిలో ఫలితాలొచ్చాక సరిచూస్తే ఆ అంకెకూ అసలు ర్యాంకుకూ పెద్ద తేడా ఉండేది కాదట. "ఆ పుస్తకం కోసం ప్రిన్సిపాల్ మా ఇంటికి మనిషిని పంపేవాడు" అని మా అత్తయ్య గారు ఇప్పటికీ చెబుతారు.

ఆయన 2023 అక్టోబరులో మా దగ్గరికి, నార్త్ కరోలినాలోని కేరీకి వచ్చారు. అది మా ఊళ్ళో కాలేజీ బాస్కెట్‌బాల్ తప్ప మరో మాట వినిపించని కాలం. దగ్గరదగ్గరగా మూడు యూనివర్సిటీలు: రాలీలో ఎన్‌సీ స్టేట్, డర్హమ్‌లో డ్యూక్, చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా. మూడూ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే ఒకే కూటమిలో ఆడతాయి. ఒక ఇంటి ముందు స్టేట్ వాళ్ళ ఎర్ర జెండా ఉంటే, పక్కింటి ముందు డ్యూక్ ముదురు నీలం, ఎదురింటి ముందు నార్త్ కరోలినా లేత నీలం. ఆ ఏడాది కూటమిలో 15 జట్లు. ఒక్కో జట్టు తోటి జట్లతో 20 ఆటలు ఆడేది. మార్చి రెండో వారానికల్లా ఒకటి నుంచి పదిహేను దాకా వరస తేలేది. తేలే దాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. ఎవరు పైకొస్తారో, ఎవరు కిందికి జారతారో అక్టోబరులోనే చెప్పేయాలని పత్రికల వాళ్ళు పోటీ పడతారు. మా తెలుగు స్నేహితుల గుంపూ పడుతుంది. ఎవరి వరస వాళ్ళు కాగితం మీద రాసి ఇవ్వాలి. నెగ్గినవాడికి మిగతావాళ్ళు బిర్యానీ తెచ్చి పెట్టాలి.

బాస్కెట్‌బాల్ గురించి మామయ్య గారికి తెలిసిందల్లా బంతి రింగులోంచి పడాలనే. అయినా తనకూ ఒక కాగితం కావాలన్నారు. నెగ్గింది ఎవరో తేల్చే పద్ధతి కూడా ఆయనే పెట్టారు. ఒక్కో జట్టుకు మనం వేసిన స్థానానికీ చివరికి వచ్చిన స్థానానికీ ఎంత తేడా ఉందో చూసి, పదిహేను తేడాలూ కూడాలి. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళు నెగ్గినట్టు. అంతకుముందు ప్రతి ఏడాదీ ఈ విషయంలో గొడవలు పడేవాళ్ళం. ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశారు.

తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. ఎవరు ఎంత ఎత్తు, ఎవరు ఎన్ని పాయింట్లు చేశారు అన్నవి ఆయనకు అక్కర్లేదు. పోయినేడు ఆడినవాళ్ళలో ఎవరు మిగిలారు? ఎవరు వెళ్ళిపోయారు? కొత్తగా వచ్చినవాళ్ళు హైస్కూలు నుంచా, ఇంకో కాలేజీ నుంచా? ఇక్కడ 2021 నుంచి ఆటగాడు ఒకసారి కాలేజీ మారినా ఏడాదిపాటు ఖాళీగా కూర్చోనక్కర్లేదు, వెంటనే ఆడొచ్చు. తన పేరూ ఫోటో వాడుకునే కంపెనీల నుంచి డబ్బు తీసుకునే వీలూ అదే ఏడాది జులైలో వచ్చింది. అప్పట్నుంచి ఏటా సీజన్ అయిపోగానే వందల మంది సంచులు సర్దుకుంటున్నారు. ఇది వింటే ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాం. "మా దగ్గర ఫస్టియర్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లాణ్ణి పక్క కాలేజీ వాళ్ళు ఫీజు మాఫీ చేసి ఎత్తుకుపోయేవాళ్ళు. ఇదీ అంతేగా, చెప్పండి" అన్నారు.

నార్త్ కరోలినా దగ్గర మాకూ ఆయనకూ పడలేదు. ఆ జట్టు 2022లో జాతీయ ఫైనల్ దాకా వెళ్ళి కాన్సాస్ చేతిలో 72-69 స్కోరుతో ఓడింది. ఆ ఆట మొదలుపెట్టిన ఐదుగురిలో నలుగురు మళ్ళీ వచ్చారు కాబట్టి మరుసటి సీజన్ మొదట్లో దేశంలోనే నంబర్ వన్ అన్నారు. తీరా చూస్తే 20 గెలిచి 13 ఓడి, 68 జట్లు ఆడే జాతీయ టోర్నమెంటుకే ఎంపిక కాలేదు. 1985లో ఆ టోర్నమెంటును 64 జట్లకు పెంచాక, నంబర్ వన్‌గా మొదలై అసలు చోటే దొరకని జట్టు అదొక్కటే. ఆ దెబ్బ తిన్నాక దాని పేరు పైన రాయడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు. అందరం డ్యూక్ రాశాం. ఆయన నార్త్ కరోలినా రాశారు. "బేకాట్ ఉన్నాడన్నారు, డేవిస్ ఉన్నాడన్నారు. ఇది లాంగ్ టర్మ్ కుర్రాడి కేసు. మొదటిసారి పోగొట్టుకున్నవాడు రెండోసారి పేపరు జాగ్రత్తగా దిద్దుకుంటాడు."

మయామీ ఆ వసంతంలోనే జాతీయ సెమీఫైనల్ ఆడిన జట్టు. మేం మూడో నాలుగో వేస్తే ఆయన 14 వేశారు. వాంగ్, మిల్లర్ ఇద్దరూ వెళ్ళిపోయారని విన్నాక ఇంకేమీ అడగలేదు. లూయివిల్‌ను అందరం అట్టడుగున పెట్టాం. ముందటేడు 32 ఆటల్లో 4 గెలిచినవాళ్ళ గురించి వాదించడానికి ఏముంది?

ఎన్‌సీ స్టేట్‌కు ఆయన 10 వేశారు. స్మిత్, జాయినర్ అనే ఇద్దరు ముఖ్యమైన ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. అరిజోనా స్టేట్ నుంచి హోర్న్, స్టాన్‌ఫర్డ్ నుంచి ఓకానెల్, మిస్సోరీ నుంచి డియారా వచ్చారు. "పిల్లలు మంచివాళ్ళే. ఒకళ్ళకొకళ్ళు అలవాటు కావడానికి ఏడాది పడుతుంది. అలవాటయ్యేసరికి సీజన్ అయిపోతుంది" అని ఆ అంకె కింద గీత కూడా గీశారు.

మాలో ఒకతను ఆ యూనివర్సిటీలోనే ఎమ్మెస్ చేశాడు. ప్రతి ఏడాదీ మొదటి స్థానంలో స్టేట్ పేరు రాస్తాడు, ప్రతి ఏడాదీ బిర్యానీ తెస్తాడు. మేం అతన్ని స్టేట్ అనే పిలుస్తాం. మేమంతా మామయ్య గారిని అంకుల్ అంటుంటే అతనొక్కడు సార్ అనేవాడు. మేం ఆయన చుట్టూ చేరి క్లెమ్సన్ ఎక్కడుంటుంది, వేక్ ఫారెస్ట్ ఎక్కడుంటుంది అని అడుగుతుంటే, అతను వంటింట్లో మా ఆవిడకు ప్లేట్లు అందిస్తూ ఉండేవాడు. ఆయన్ని ఏ జట్టు గురించీ ఎప్పుడూ అడగలేదు.

చలికాలం గడిచింది. మార్చిలో వరస తేలింది. నార్త్ కరోలినా 17 గెలిచి 3 ఓడి మొదటి స్థానం. డ్యూక్ రెండు. మయామీ 6 గెలుపులతో పద్నాలుగు. లూయివిల్ అట్టడుగు. చివరి నాలుగు ఆటలూ వరసగా ఓడిన ఎన్‌సీ స్టేట్ 9 గెలిచి 11 ఓడి, సరిగ్గా పదో స్థానంలో ఆగింది. మా తేడాల మొత్తాలు కూడితే ఆయన దరిదాపుల్లో కూడా ఎవరం లేం. టీవీలో ఒళ్ళు మరిచి ఆటలు చూసేవాళ్ళం మేం, ఫ్రిజ్ మీద కాగితం అంటించి అంకెలు టిక్కు పెట్టుకున్నది ఆయన. నాకు నిజంగానే గర్వంగా అనిపించింది. వచ్చినవాళ్ళందరికీ ఆ కాగితం చూపించాను.

ఈ అంచనాల ఆట నాకు చాలా ఇష్టం. దానికి కారణం చెప్పాలి. అక్టోబరులో ఎవరు ఏ స్థానం వేసినా ఏ జట్టుకూ ఒక్క పాయింటు కలవదు, ఒక్కటి పోదు. పదిహేనో పేరుగా రాసినవాళ్ళ రింగు కూడా నేల నుంచి 10 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. మేం ఎంత ఘోరంగా రాసినా వాళ్ళ కోచ్ సాయంత్రం ప్రాక్టీసుకు రావడం మానడు. ఆ ఏడాది కూటమి టోర్నమెంటుకు పదిహేను జట్లనూ రానిచ్చారు. ఇరవై ఆటల్లో ఏం చేసినా సరే, అక్కడ గెలుస్తూ పోతే కప్పు వాళ్ళదే, జాతీయ టోర్నమెంటులో చోటూ వాళ్ళదే.

టోర్నమెంటు వాషింగ్టన్‌లో. పైనున్న నాలుగు జట్లకు గురువారం దాకా విశ్రాంతి. పదో స్థానంలో ఉన్న స్టేట్ మంగళవారమే మొదలుపెట్టాలి. కప్పు కావాలంటే ఐదు రోజుల్లో ఐదు ఆటలు గెలవాలి. ఈ కూటమిలో అంతవరకు ఎవరూ చేయని పని. మంగళవారం లూయివిల్ మీద గెలిచారు, బుధవారం సిరక్యూజ్ మీద. గురువారం డ్యూక్‌ను 74-69తో ఇంటికి పంపారు. అప్పటికి మా గుంపులో ఫోన్లు మోగడం మొదలైంది.

శుక్రవారం వర్జీనియాతో. ఆ ఆట చివరి 5 సెకన్లు చూసినవాళ్ళు జన్మలో మరిచిపోరు. వర్జీనియా 3 పాయింట్లు ముందుంది, వాళ్ళ ఆటగాడు ఫ్రీత్రో వేస్తున్నాడు. అది పడితే కథ ముగిసేది. పడలేదు. స్టేట్ వాళ్ళు బంతి అందుకున్నారు. ఓకానెల్ పరుగెత్తుకొచ్చి, మూడు పాయింట్ల గీతకు అవతల నుంచి, టైము అయిపోతుండగా విసిరాడు. బంతి బోర్డుకు తగిలి రింగులో పడింది. 58-58. అదనపు సమయంలో 73-65తో గెలిచారు. మా హాల్లో స్టేట్ అరుపుకు పైన నిద్రపోతున్న మా పాప లేచి ఏడ్చింది.

శనివారం ఎదుట నార్త్ కరోలినా, మామయ్య గారి మొదటి స్థానం. ఇటు వైపు బర్న్స్ ఉన్నాడు. 6 అడుగుల 9 అంగుళాల ఎత్తు, 275 పౌండ్ల బరువు, ఎడమచేతి వాటం. రింగుకు వీపు పెట్టి, ఎదుటివాణ్ణి మెల్లగా వెనక్కి నెడుతూ, చివర్లో పసిపిల్లాడికి ముద్ద పెట్టినంత సుతారంగా బంతిని వదులుతాడు. ఐదో రోజు కూడా నవ్వుతూనే ఆడాడు. 84-76. జిమ్ వాల్వానో కోచ్‌గా ఉన్న 1987 తర్వాత స్టేట్‌కు అదే మొదటి కప్పు. అక్కడితో ఆగకుండా ఆ జట్టు జాతీయ సెమీఫైనల్ దాకా వెళ్ళింది.

మరుసటి ఏడాది కూటమిలోకి మరో మూడు కాలేజీలు వచ్చి 18 జట్లయ్యాయి. టోర్నమెంటుకు మాత్రం 15 జట్లే అన్నారు. 2025 మార్చిలో బయట ఉండిపోయిన మూడింటిలో ఎన్‌సీ స్టేట్ ఒకటి. ఏ కప్పు గెలిచారో ఆ కప్పు కోసం ఆడడానికి లోపలికి కూడా రానివ్వలేదు. కోచ్ కీట్స్ ఉద్యోగమూ పోయింది. ఆ తలుపు అలా వెయ్యడం తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆ శనివారం రాత్రికి ఇవేవీ మాకు తెలియవు. ఇల్లంతా సందడి. అందరూ మామయ్య గారి మీద పడ్డారు. "అంకుల్, మీ పదో స్థానం కప్పు పట్టుకుంది చూడండి!"

ఆయన చలించలేదు. "నా లెక్క తప్పలేదు. ఇరవై ఆటలయ్యాక పదో స్థానమా కాదా? ఫ్రిజ్ మీద ఉంది, చూసుకోండి." అది నిజమే. ఎవరం మాట్లాడలేదు. కాసేపు టీవీలో గెలిచినవాళ్ళు రింగుకున్న వల కత్తిరించుకోవడం చూసి, మళ్ళీ అన్నారు: "నాకు అర్థం కానిది ఒకటే. పదో స్థానంలో ఉన్నవాళ్ళను అసలు పోటీకి ఎందుకు పిలిచినట్టు? పై నలుగురితో పెట్టుకుంటే సరిపోయేదిగా. మిగతావాళ్ళ మీద టైము దండగ."

అరిచి అరిచి గొంతు పోయిన స్టేట్ వచ్చి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు.

"మీ లెక్క ఎప్పుడూ తప్పదు సార్. 2005లో నాకూ వేశారు. నలభై వేలు దాటుతుందని నా పేరుకెదురుగా రాశారు. నలభై రెండు వేలు వచ్చింది."

మామయ్య గారు గబుక్కున ముందుకు వంగి అతని భుజం పట్టుకున్నారు. "నువ్వు మా కాలేజీయా! ఇన్నాళ్ళూ చెప్పవేమయ్యా?" ఆయన ముఖం వెలిగిపోతోంది. మా అందరి వైపూ తిరిగారు. "విన్నారా? ఏడు నెలల ముందే చెప్పాను. రెండు వేలు తేడా, అంతే!"

"అవును సార్," అన్నాడు స్టేట్. "మీరు ఆ అంకె వేశాక నన్ను చివరి సెక్షన్‌కి మార్చారు. దసరా నుంచి పరీక్ష దాకా మీరు ఆ గదిలోకి ఒక్కరోజు కూడా రాలేదు."