చవక రివాల్వర్, తలకిందుల సలహాలు

తూటా నల్లచుక్క మధ్యలోనే దిగాలన్న ఆత్రం పెరిగేకొద్దీ గురి చెడుతుంది. టార్గెట్ షూటింగ్‌లో మొదట ఒప్పుకోవాల్సిన నిజం ఇదే. అందుకే కింది సలహాలు వినగానే తప్పుగా తోస్తాయి. అయినా ప్రతి ఒక్కటీ పాటించమనే చెబుతున్నాను. అమెరికాలో స్థిరపడి, వారాంతంలో రేంజ్‌కి వెళ్లాలని ముచ్చటపడే తెలుగువాళ్లు మొదట కొనాల్సింది .22 లాంగ్ రైఫిల్ తూటా పేల్చే చవక సింగిల్ యాక్షన్ రివాల్వర్ అని నా గట్టి నమ్మకం.

తలకిందులు చేయకూడని సూత్రాలు నాలుగున్నాయి. ఏ తుపాకీనైనా నిండి ఉన్నదనే అనుకోండి. కాల్చదలచని దేనివైపూ గొట్టం తిప్పకండి. సైట్లు (తుపాకీ మీద గురి చూసే గుర్తులు) టార్గెట్ మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంచండి. టార్గెట్ వెనక ఏముందో తెలుసుకోండి. వీటికి తోడు, చెవులకీ కళ్లకీ రక్షణ లేకుండా రేంజ్‌లో అడుగు పెట్టకండి.

1. కొనడానికి వెళ్లేముందు వీసా చూసుకోండి

తుపాకీ ఎంచుకోవడం తర్వాతి సంగతి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. వాటి మీద ఆధారపడేముందు లాయర్ని అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. లైసెన్సున్న దుకాణంలో చేతి తుపాకీ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, ఫారం 4473 నింపాలి, నేపథ్య తనిఖీ దాటాలి. ఆపైన రాష్ట్రాల నిబంధనలు వేరువేరు. “మా అన్నయ్యకి సిటిజన్‌షిప్ ఉంది, ఆయన పేరు మీద కొనిపిస్తా” అనుకుంటే అది ఇద్దరినీ జైలుకి పంపగల నేరం.

2. డబ్బు తుపాకీ మీద పెట్టకండి

రూగర్ సంస్థ 2019లో రాంగ్లర్ రివాల్వర్‌ని 249 డాలర్ల ధరతో తెచ్చింది. హెరిటేజ్ వారి రఫ్ రైడర్ ఇంకా చవక. రాంగ్లర్ ఫ్రేము అల్యూమినియం మిశ్రమం, దానిపైన సెరాకోట్ పూత. ధర తగ్గింది అలాంటి చోట్లే. బ్యారెల్, సిలిండర్ మాత్రం ఉక్కువే. మిగిలిన డబ్బుతో 500 తూటాల పెట్టెలు కొనండి. రివాల్వర్ ఎంత ఖరీదైనదైనా కాల్చకుండా గురి కుదరదు.

చవకది కాబట్టే కౌంటర్ దగ్గర ఓపిగ్గా చూడాలి. ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, అడిగి, హ్యామర్‌ని నెమ్మదిగా వెనక్కి లాగండి. సిలిండర్‌లోని ఆరు అరల్లో ప్రతిదీ బ్యారెల్‌కి ఎదురుగా వచ్చి టక్కున బిగుసుకోవాలి. అలా బిగుసుకున్నాక సిలిండర్‌ని వేళ్లతో కదిపి చూడండి, మరీ లొడలొడ ఆడకూడదు. వెనక నుంచి చూస్తే ముందు సైట్ ఒక పక్కకి ఒరిగి ఉండకూడదు.

అంతేగానీ ఉత్తినే ట్రిగ్గర్ నొక్కి చూడకండి. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలో మందు అడుగు అంచు మడతలో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచుని నలిపితేనే అది పేలుతుంది. అర ఖాళీగా ఉంటే కొన్ని రివాల్వర్లలో పిన్ను నేరుగా అర అంచునే కొడుతుంది. అక్కడ నొక్కుపడితే తర్వాత తూటాలు సరిగ్గా దిగవు. మాన్యువల్ సరేనంటే తప్ప ఉత్త ట్రిగ్గర్ వద్దు.

3. నెమ్మదైనదే ఎంచుకోండి

సింగిల్ యాక్షన్ కాబట్టి ఈ రివాల్వర్లో ప్రతి తూటాకీ హ్యామర్‌ని బొటనవేలితో లాగాలి. కుడిపక్క లోడింగ్ గేటు తెరిచి ఒక్కో తూటానే నింపాలి, ఖాళీ కేసుల్ని ఒక్కోటే ఎజెక్టర్ కడ్డీతో తోయాలి. కొత్తవాళ్లకి ఇది చాకిరీగా కనబడుతుంది. నేర్చుకునేవాళ్లకి కావలసింది ఈ చాకిరీయే. హ్యామర్ ముందే వెనక్కి వెళ్లి ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్‌కి మిగిలే పని దాన్ని వదలడం ఒక్కటే. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది.

4. ఆరు అరల్లోనూ తూటాలు నింపకండి

అమెరికాలో ఇళ్ల గోడలకి స్క్రూలు బిగించేటప్పుడు వాడే పసుపురంగు ప్లాస్టిక్ యాంకర్లు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతాయి. నాలుగు-ఆరు నంబరు సైజువి .22 అరలో సరిపోతాయని ఇక్కడి షూటర్లలో చాలామందికి తెలుసు. మీతో వచ్చినవాళ్లని రెండు అరల్లో వాటిని, మిగతా అరల్లో తూటాల్ని నింపమనండి. ఏవి ఎక్కడున్నాయో మీకు తెలియకూడదు.

ఇప్పుడు కాల్చండి. హ్యామర్ ప్లాస్టిక్ మీద పడి ‘టిక్’మన్నప్పుడు ముందు సైట్‌ని గమనించండి. పేలుడే లేదు, అయినా గొట్టం చటుక్కున కిందికి వంగుతుంది. మీ మణికట్టు శబ్దానికి ముందే భయపడి చేసిన పని అది. నిజం తూటా పేలినప్పుడు ఈ తప్పు ఆ కుదుపులో కలిసిపోయి కనబడదు. ‘టిక్’మన్నా సైట్ కదలని రోజు మీకు ట్రిగ్గర్ వచ్చినట్టు.

ఒక జాగ్రత్త. రిమ్‌ఫైర్ తూటాలు అప్పుడప్పుడు పేలకుండా మొండికేస్తాయి, అరుదుగా ఆలస్యంగానూ పేలుతాయి. కాబట్టి ప్రతి ‘టిక్’ తర్వాత గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆ తర్వాతే హ్యామర్ ముట్టుకోండి.

5. టార్గెట్‌ని వెనక్కి తిప్పి పెట్టండి

వలయాలు, అంకెలు కనబడితే మనసు మార్కుల మీదికి పోతుంది. కాగితాన్ని తిరగేసి, తెల్లటి వైపు మీకు కనబడేలా 7 గజాల దూరంలో తగిలించండి. అయిదు తూటాలు కాల్చితే అవి ఒకచోట గుంపుగా పడుతున్నాయా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఆ గుంపు కాగితంలో ఏ మూలన పడినా ఫరవాలేదు. గుంపు కుదిరితే దాన్ని మధ్యకి తేవచ్చు. చెదిరిన రంధ్రాల్లో ఒకటి మధ్యలో పడినా దానివల్ల నేర్చుకునేదేమీ లేదు.

6. టార్గెట్‌ని మసకగానే చూడండి

కంటికి ముందు సైట్, వెనక సైట్, టార్గెట్ మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడవు. స్పష్టత ముందు సైట్‌కే ఇవ్వండి. టార్గెట్ మసకబారితే తూటా కొద్దిగానే జరుగుతుంది. సైట్లు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే ఆ తేడా దూరంతోపాటు పెరిగిపోతుంది.

చెయ్యి ఎలాగూ వణుకుతుంది, వణకనివ్వండి. “ఇప్పుడు కుదిరింది” అనిపించిన క్షణంలో ట్రిగ్గర్ లాగేవాళ్లే ఎక్కువ గురి తప్పుతారు. సైట్ ఆ చిన్న పరిధిలో ఊగుతుండగానే ఒత్తిడిని ఆగకుండా పెంచుతూ పోండి. రెండో చేతి వేళ్లు మాత్రం సిలిండర్ ముందు అంచుకి వెనకే ఉండాలి. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వేడి వాయువు, సీసం రజను పక్కకి చిమ్ముతాయి.

7. సైట్‌ని సరిచేయకండి

ఈ చవక రివాల్వర్లలో చాలావాటి సైట్లకి తిప్పే స్క్రూలుండవు. ముందు ఒక పలక, వెనక ఫ్రేములో ఒక గాడి, అంతే. తూటాలు కింద పడుతుంటే ముందు పలకని ఆకురాయితో అరగదీస్తారు. దాని ఎత్తు తగ్గితే గుంపు పైకి వస్తుంది. కానీ అరగదీసిన లోహం తిరిగి రాదు. కుడిచేతి వాటం వాళ్ల తూటాలు కిందికీ ఎడమకీ పోతుంటే తప్పు చాలాసార్లు వేలిదే. ముందు రెండు మూడు కంపెనీల తూటాలతో, ఇసుక సంచి మీద ఆనించి, వీలైతే మరొకరి చేత కాల్పించి చూడండి. అందరికీ ఒకేచోట పడితేనే ఆకురాయి తీయండి.

8. శక్తిమంతమైన సిలిండర్ వాడకండి

కొన్ని మోడళ్లతో .22 మ్యాగ్నం సిలిండర్ కూడా ఇస్తారు. నేర్చుకునే రోజుల్లో అది పెట్టెలోనే ఉండనివ్వండి. తూటా ఖరీదెక్కువ, శబ్దమూ ఎక్కువే. పైగా మ్యాగ్నం అర కొంచెం వెడల్పు. అందులో పొరపాటున లాంగ్ రైఫిల్ తూటా వేసి కాల్చితే కేసు ఉబ్బి చీలిపోవచ్చు. .22 చిన్నదన్న చిన్నచూపు కూడా వద్దు. హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్ విభాగంలో పేలేది ఈ లాంగ్ రైఫిల్ తూటాయే.

9. బాగా పడుతుండగానే ఆపేయండి

అలసిన వేలు తప్పుడు అలవాటునే నేర్చుకుంటుంది. మంచి గుంపు వచ్చాక “ఇంకొక్క పెట్టె” అనకుండా సర్దుకోండి. ఏమైనా తినేముందు సబ్బుతో, చల్లటి నీళ్లతో చేతులు కడగండి. తూటాలోనూ మందులోనూ సీసం ఉంటుంది. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకండి. ఇంటికి రాగానే రివాల్వర్‌ని ఖాళీ చేసి తాళంపెట్టెలో, తూటాల్ని వేరేచోట తాళం వేసి పెట్టండి.

10. మంచిది కొన్నాక కూడా దీన్ని అమ్మకండి

రేపు పెద్ద తుపాకీ కొంటారు. దాని కుదుపుకి మణికట్టు భయం మళ్లీ మొదలవుతుంది. కచేరీలు చేసే విద్వాంసులు కూడా సరళీ వరుసలు వదలరు. అలాగే గురి చెడినప్పుడల్లా మీరు ఈ చవక రివాల్వర్ దగ్గరికి, ఆ పసుపు ప్లాస్టిక్ ముక్కల దగ్గరికి రావాలి. అమ్మితే వచ్చేది నూరో నూటయాభయ్యో డాలర్లు. ఆ డబ్బుకి మీ తప్పుని ఇంత సూటిగా చూపించే గురువు దొరకడు.